రాలినా పొగడే

మన సీరియల్ నవలల్లో పువ్వులకి పని ఎక్కువ. నాయిక చిన్నప్పుడు మొగ్గ. ఓణీ వేసుకున్న రోజున అరవిరిసిన పువ్వు. పెళ్ళిచూపుల నాటికి పూర్తిగా విచ్చుకుంటుంది. ఏ పదో వారమో భర్త ఇంకో ఆవిడతో కనిపిస్తాడు, లేకపోతే లారీ కింద పడతాడు. పదకొండో వారం మొదటి పేరాలో ఆవిడ ‘రాలిన పువ్వు’ అయిపోతుంది. అంతటితో ఆవిడ గురించి ఆలోచించే శ్రమ రాసేవాళ్ళకి తప్పిపోతుంది. రాలిన పువ్వుకి ఇంకేం కథ ఉంటుంది కనక! మిగిలిన వారాలన్నీ ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడటంతోనూ, దేవుడి పటం ముందు కళ్ళు తుడుచుకోవడంతోనూ గడిచిపోతాయి. టీవీ సీరియల్ అయితే ఇంకా సుఖం. నిజంగానే ఒక పువ్వుని రాల్చి చూపిస్తారు, నెమ్మదిగా, మూడుసార్లు.

నేను ఏ రచయితనీ, ఏ రచయిత్రినీ వేలెత్తి చూపించబోవడం లేదు. నా ఫిర్యాదు మనుషుల మీద కాదు, ఆ ఉపమానం మీద. బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదివిన దాన్ని కాబట్టి ఉపమకి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు కాళ్ళుంటాయని మా మేష్టారు చెప్పిన పాఠం ఇంకా గుర్తుంది. ఈ ‘రాలిన పువ్వు’ అనే కుర్చీకి మూడో కాలు లేదు. సమానధర్మం ఏమిటి? రాలడం. రాలాక? పువ్వుకి ఏమవుతుందో, చెట్టుకి ఏమవుతుందో ఎవరూ కనుక్కున్నట్టు లేదు.

అసలు మొదటి ప్రశ్న, ఏ పువ్వు? పూలన్నీ ఒక్కలాగే రాలవు కదా. గులాబీ రేకు రేకుగా విడిపోతుంది. మందారం సాయంత్రానికి గొడుగులా ముడుచుకుని, కాడతో సహా రాలిపోతుంది. బంతి రాలనే రాలదు, ఉన్నచోటనే ఎండిపోతుంది. గుమ్మడిపాదుకి కొన్ని పూలు వట్టినే రాలతాయి, కొన్ని నిలిచి కాయవుతాయి. వంటింటి కిటికీలోంచి పాదుని చూసే ఏ ఇల్లాలికైనా ఈ సంగతి తెలుసు. అలాంటప్పుడు ఊరూ పేరూ లేని ఒక పువ్వుని పట్టుకొచ్చి, ఒక ఆడమనిషి బతుకంతటికీ అదే సాక్షి అంటే ఎలా? కోర్టులోనైనా సాక్షి పేరు అడుగుతారు.

అందుకని నేనొక సాక్షిని పిలుస్తాను. పేరు పొగడ. ప్రస్తుత నివాసం అల్మాస్‌గూడ.

దిల్‌సుఖ్‌నగర్ దాటి, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, మీర్‌పేట మీదుగా వస్తే మా అల్మాస్‌గూడ. ఒకప్పుడు హైదరాబాదుకి అవతల ఉన్న పల్లె. ఇప్పుడు ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు, నీళ్ళ ట్యాంకర్లు, ట్యూషన్ బోర్డులు. వీటి మధ్యన మా వీధిలో ఒక పొగడచెట్టు ఉంది. పన్నెండు నెలలూ పచ్చగా ఉంటుంది. ఆకులు నున్నగా, అంచులు కాస్త అల తిరిగి ఉంటాయి. నీడ ఎంత చిక్కగా ఉంటుందంటే, మే నెలలో కూడా ఇస్త్రీబండి అతను దాని కిందే పెట్టె వేడి చేసుకుంటాడు. చెట్టు మీద పువ్వుందో లేదో తలెత్తి చూస్తే తెలియదు. తల దించి చూస్తే తెలుస్తుంది. తెల్లారేసరికి నేలమీద లేత గోధుమరంగు చుక్కలు పరచుకుని ఉంటాయి. వాసనైతే వీధి మలుపు నుంచే పిలుస్తుంది.

ఈ పువ్వుని చేతిలోకి తీసుకుని చూడండి. చిన్న నక్షత్రంలా ఉంటుంది. లెక్కపెట్టే ఓపిక ఉంటే ఎనిమిది రేకులు, ఒక్కొక్క రేకుకి వెనకవైపు రెండేసి సన్నపాటి తోకలు, మొత్తం 24 కొసలు. నడిమధ్యన సన్నటి రంధ్రం. అసలు కథంతా ఆ రంధ్రంలోనే ఉంది. పొగడపువ్వు రాలేటప్పుడు మొత్తంగా రాలదు. రేకుల చక్రం, దానికి అంటుకున్న కేసరాలు మాత్రమే ఊడి కింద పడతాయి. పచ్చటి గిన్నెలాంటి రక్షకపత్రాలు, వాటి మధ్య ఉన్న పిందె మొలక కొమ్మనే అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ మొలక ఉండి వచ్చిన చోటే పువ్వులో మిగిలిన రంధ్రం. కిందపడిన పువ్వులో ఆ ఖాళీని చూసి మనం అయ్యో అనుకుంటాం. పైన కొమ్మ మీద ఆ ఖాళీకి సరిపడే వస్తువు నిక్షేపంలా కూర్చుని ఉంటుంది. అది నెమ్మదిగా కాయై, పచ్చదనం పోయి నారింజరంగుకి తిరిగి, పండవుతుంది. రేగిపండుకి కాస్త అన్నలాంటిది. లోపల పిండిపిండిగా, తీపిగా, చివర్లో కొంచెం వగరుగా ఉంటుంది. మధ్యన నున్నటి గోధుమరంగు గింజ, సాధారణంగా ఒకటే.

ఇది సపోటా కుటుంబపు చెట్టు. కాని చుట్టరికం ఉన్నంత మాత్రాన హోదా ఉంటుందా? ఇక్కడికి దగ్గరలో కొత్తపేటలో గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్ ఉండేది. 2021–22లో దాన్ని బాటసింగారానికి తరలించేదాకా మామిడీ, బత్తాయీ, సపోటా లారీలకి లారీలు అక్కడ దిగేవి. ఆ మార్కెట్లో పొగడపండు గంపని మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అమ్మకానికి రాని పండు కాబట్టి కావ్యానికీ రాలేదేమో! పిల్లలకీ, పక్షులకీ, గబ్బిలాలకీ మాత్రం దాని చిరునామా బాగానే తెలుసు.

ఇప్పుడు మన కవుల దగ్గరికి వెళదాం. పొగడని మనవాళ్ళు పట్టించుకోలేదంటే కళ్ళు పోతాయి. బకుళం, వకుళం, కేసరం అని సంస్కృతంలో ఎన్ని పేర్లో, అన్ని వర్ణనలు. దోహదమనే కవిసమయం ఒకటుంది. దోహదమంటే గర్భిణి కోరే కోరిక, వేవిళ్ళ కోరిక. చెట్లకి కూడా పూతకి ముందు అలాంటి కోరికలు ఉంటాయని కవుల ఊహ. అశోకానికి అందగత్తె కాలితో తన్నాలి. పొగడకి ఆవిడ మద్యం పుక్కిలించి చల్లాలి. అప్పుడుగాని పూయవట. మేఘసందేశంలో యక్షుడి పెరట్లో ఈ రెండు చెట్లూ పక్కపక్కనే ఉంటాయి. అశోకం యక్షుడి భార్య ఎడమపాదం కోసం, పొగడ ఆవిడ నోటి మద్యం కోసం ఎదురుచూస్తున్నాయంటాడు కాళిదాసు. దానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కొల్చారం వాడు. ఏ చెట్టుకి ఏ ఉపచారమో జాబితా కూడా ఇచ్చాడు. పేపర్లలో రోజూ ‘అభివృద్ధికి దోహదం’ అని చదువుతున్నప్పుడు, పాపం ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎవరికి గుర్తుంటుంది?

ఊహ అందంగానే ఉంది, కాదనను. కాని నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. రచనలో ఏ చెట్టు పేరు కనిపించినా, అది తీసేసి ఇంకో చెట్టు పేరు పెట్టి చూస్తాను. వాక్యానికి నొప్పి తెలియకపోతే ఆ చెట్టు అక్కడ నిజంగా లేనట్టే లెక్క. దోహదాల జాబితా ఈ పరీక్షకి ఆగదు. మద్యం అశోకానికి, తన్ను పొగడకి అని తారుమారు చేసినా శాస్త్రం చెడేదేమో గాని, చెట్లు మాత్రం ఏమీ అనుకోవు. ఇంకో చిత్రం ఉంది. పొగడకి మద్యం పోయించిన కవులకి దాని చుట్టాల్లో స్వయంగా మద్యం పోయగల చెట్టు ఉందన్న ఆలోచన వచ్చినట్టు లేదు. అదే ఇప్ప. అదీ సపోటా కుటుంబమే. ఇప్పపువ్వు కూడా రాత్రి రాలుతుంది, రేకులు మాత్రమే రాలి పిందె కొమ్మ మీద నిలుస్తుంది. ఆదిలాబాద్ అడవుల్లో గోండు స్త్రీలు తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని వెళ్ళి ఆ పూలు ఏరుకొస్తారు. ఎండబెట్టి తింటారు, సారా తీస్తారు. తర్వాత కాయలొస్తే గింజల నుంచి నూనె తీస్తారు. అక్కడికి వెళ్ళి ‘రాలిన పువ్వు’ అని ఎవరికోసమైనా కన్నీరు కార్చండి చూద్దాం. ఇంట్లోకి ధాన్యం వచ్చిన రోజున ఎవరైనా ఏడుస్తారా అని అడుగుతారు.

అదే కాళిదాసు శాకుంతలంలో ఇంకో పొగడని పెట్టాడు. మొదటి అంకంలో శకుంతల చెలులతో కలిసి కుండ పట్టుకుని చెట్లకి నీళ్ళు పోస్తూ ఉంటుంది. గాలికి ఆకులు కదిలితే, ఆ కేసరవృక్షం వేళ్ళు ఆడించి తనని పిలుస్తోందని దాని దగ్గరికి వెళుతుంది. ఇక్కడ మద్యం లేదు, నీళ్ళే. అందగత్తె దయచేస్తే పూసే చెట్టు కాదు, పనిచేసే ఆడపిల్ల చేతినీళ్ళు తాగే చెట్టు. ఈ చెట్లంటే తనకి తోబుట్టువుల మీద ఉండే ప్రేమ అంటుంది శకుంతల. నాలుగో అంకంలో కణ్వుడు చెప్పనే చెబుతాడు: అలంకారమంటే ఇష్టమే అయినా, చెట్ల మీద ప్రేమకొద్దీ ఈ పిల్ల ఒక్క చిగురైనా తుంచేది కాదు అని. తుంచని పిల్లకి తుంచనక్కరలేని పువ్వు తోడు. ఇంతకంటె తగిన స్నేహితులు దొరుకుతారా?

అదీగాక, ఆ శకుంతలే అయిదో అంకంలో నిండుసభలో భర్త ‘నువ్వెవరో నాకు తెలియదు’ అంటే విని నిలబడవలసి వచ్చింది. మన సీరియల్ లెక్కలో అది పదకొండో వారం. అక్కడ రాలిన పువ్వుని చేసి కథ ముగించేయవచ్చు. కాళిదాసు ముగించలేదు. ఇంకో రెండు అంకాలు రాశాడు. ఏడో అంకంలో మారీచాశ్రమంలో ఒక కుర్రాడు సింహపుపిల్ల నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతానంటాడు. రాజే అక్కడికి రావలసి వచ్చింది, రాజే కాళ్ళమీద పడవలసి వచ్చింది. పొగడకి నీళ్ళు పోసిన చెయ్యి ఊరికే పోతుందా!

ఆగండి. పండు అంటే కొడుకే అన్నమాట, పిల్లలు లేని ఆవిడ గతేమిటి అని మీలో కొందరు అడగబోతున్నారు. నేనూ అదే అడుగుతాను. దానికి జవాబు వకుళమాత. ఆవిడ పేరే పొగడ. శ్రీనివాసుణ్ణి కన్న తల్లి కాదు, పెంచిన తల్లి. ఆవిడే పెళ్ళిపెద్ద కూడా. తిరుపతి దగ్గర పేరూరు కొండమీద ఆవిడ గుడి చాలాకాలం పాడుబడి ఉండి, 2022లో మళ్ళీ ప్రతిష్ఠ జరుపుకుంది. కొమ్మ మీద మిగిలేది ఏదైనా కావచ్చు. బిడ్డ కావచ్చు, విద్య కావచ్చు, ఒక పని కావచ్చు, ఒక పద్యం కావచ్చు.

పద్యమంటే గుర్తొచ్చింది. మా అమ్మ తరం ఆడవాళ్ళు ఘంటసాల గొంతులో కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ విని పూలు కోయడానికి భయపడ్డారంటే అతిశయోక్తి కాదు. పూలు నోరు తెరిచి, మా పీక నులమకండి, మా గుండెల్లో సూదులు గుచ్చకండి అని ఏడిస్తే, పూజకి వెళ్ళే బుట్ట చేతిలోనే ఉండిపోయేది. అది గొప్ప పద్యాల కట్ట. నాకు వంకపెట్టే ఉద్దేశం లేదు. కాని ఆ పూలసభలో పొగడని కూచోబెట్టి చూడండి. ఏమని ఫిర్యాదు చేస్తుంది? దాన్నెవరూ కోయరు; తనంతట తనే వస్తుంది. సూది అక్కరలేదు, రంధ్రం తనే తెచ్చుకుంటుంది. పిల్లలు గడ్డిపరకకి కూడా గుచ్చేస్తారు. దండ కట్టినా చెట్టుకి ఒక్క పండు తగ్గదు. వాడిపోయాక పారేస్తారన్న భయమూ లేదు. ఎండినా వాసన పోదు కాబట్టి పాత చీరల పెట్టెలో చోటు ఖాయం. విలాపం చెయ్యడానికి కారణం దొరకని పువ్వు మన కవిత్వంలో ఎందుకు ఇమడలేదో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. మనకి ఏడ్చే పువ్వే కావాలి.

పొగడ పేరు నా పరీక్షకి పూర్తిగా ఆగిన చోటు తెలుగులో ఒకటుంది. అది తోట కాదు, నడివీధి. శ్రీనాథుడు కవిసార్వభౌముడు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడడిండిమభట్టుని ఓడించి, అతని కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నవాడు. ఆయనే చివరి రోజుల్లో బొడ్డుపల్లె గుత్తకి తీసుకున్నాడు. పంట కృష్ణ వరదకి పోయింది. మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తిన్నాయి. ఏడు నూర్ల టంకాలు కట్టలేక, ఎండలో వీధిలో నిలబడి శిక్ష అనుభవించాడు. ఆయనదిగా చెప్పుకునే ఆ చాటుపద్యం తెలియని తెలుగువాడు ఉండడు. మెడకి పొగడదండ, కాళ్ళకి సంకెళ్ళు, భుజం మీద నల్లటి బండ. పొగడదండ అంటే రెండు అర్థాలు. ఒకటి పూలదండ, రెండోది పన్ను ఎగవేసినవాడి మెడకి తగిలించే శిక్ష. సన్మానాలలో దండలు వేయించుకున్న మెడని ఇప్పుడు ఈ దండ కావలించుకుందట! ఇక్కడ పొగడ తీసేసి మల్లె పెట్టండి. పద్యం అక్కడికక్కడే కూలిపోతుంది. పొగడ్త కూడా అందులోనే వినిపిస్తుంది కదా, మూడోది.

పూలమ్మిన చోట కట్టెలమ్మవలసి వచ్చినప్పుడు ఎవరైనా తన కథ అయిపోయిందనుకుంటారు. శ్రీనాథుడు అనుకున్నాడేమో తెలియదు గాని, పద్యంలో మాత్రం అనలేదు. మెడ చెప్పినప్పుడు ఎవరి మెడో చెప్పాడు, కాళ్ళు చెప్పినప్పుడు ఏ నైషధం రాసినవాడి కాళ్ళో చెప్పాడు. శిక్ష పక్కన బిరుదుని నిలబెట్టి, ఈ రెండూ నావే అన్నాడు. కింద పడ్డదేదో పడింది. కొమ్మ మీద మిగిలింది ఆ పద్యం. దాన్ని ఆరు వందల ఏళ్ళుగా తింటూనే ఉన్నాం. తీపి, చివర కొంచెం వగరు.

ఇంత చెప్పాక ఒక పాట గురించి చెప్పకపోతే అన్యాయం. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లో, రాలే పువ్వు మీద వేటూరి రాసిన పాటకి ఆ ఏడాది జాతీయ అవార్డు వచ్చింది. అక్కడ ఆ పోలికని నేను తప్పుపట్టను. ఆ తల్లి నిజంగానే పోబోతోంది. భర్త పోయాడు, తనకి ప్రాణాంతకమైన జబ్బు. పోయేలోగా పిల్లల్ని తలా ఒక ఇంటికి అప్పగిస్తోంది. అంటే ఆ కథలో పువ్వు రాలుతోంది, పండ్లు నిలబడుతున్నాయి. నిలబడాలనే ఆవిడ ఆరాటమంతా. ఉపమానానికి ఉండవలసిన మూడో కాలు అక్కడ ఉంది. ఆ పాట విని ఏడ్చిన మనం, పాటలోంచి రాలడాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం. నిలబడ్డదాన్ని థియేటర్లోనే వదిలేశాం. తప్పు పాటది కాదు, వినికిడిది.

ఇదంతా అలంకారశాస్త్రం గొడవ, మనకెందుకు అంటారా? మనకే కావాలి. మాటలు పుస్తకాల్లో ఊరుకోవు, వీధిలోకి వస్తాయి. మా వీధిలో ఒక అమ్మాయి అత్తవారింటి నుంచి రెండేళ్ళకే తిరిగి వచ్చింది. కారణాలు ఆ పిల్లవి, నావి కావు. వచ్చిన వారానికి మేడమీద బట్టలు ఆరేసుకుంటూ ఒకావిడ నాతో నిట్టూర్చింది: “పాపమండీ, రాలిన పువ్వు.” ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ పిల్లకి కూర గిన్నె పంపే మనిషే. కాని ఆ మాట ఆవిడది కాదు, మన కథల్లోది. పది సీరియళ్ళు చదివి, చూసి, జాలిపడవలసి వచ్చినప్పుడు చేతికి అందిన మాట అదే. ఆ మాట ఆ పిల్లకి అన్ని వైపుల నుంచీ వినిపించింది. ఆర్నెల్లపాటు తెల్లారాకగాని బయటికి రాని, చీకటి పడితేగాని మేడెక్కని మనిషి అయింది. పెళ్ళి చెడిన బాధ ఆ పిల్లకి ఎంత ఉందో నాకు తెలియదు. ఆ ఉపమానం మోసిన బరువు మాత్రం నా కళ్ళారా చూశాను. శ్రీనాథుడి భుజం మీద బండ కూడా అంత నల్లగా ఉండి ఉండదు.

మా చెట్టు కింద ఊడ్చే అవ్వ ఒకావిడ ఉంది. పొగడపూలని చెత్తతో కలిపి ఎత్తదు. ముందు వాటిని ఒక పక్కకి తీసి, కొంగులో పోసుకుని, తర్వాత చీపురు పడుతుంది. ఒకరోజు అడిగాను, “రాలిపోయినవే కదా అవ్వా, ఎందుకంత జాగ్రత్త?” అని.

అవ్వ నా వంక వింతగా చూసింది. “రాలకపోతే కాయెట్లయితది బిడ్డా? పువ్వు గట్లనే పట్టుకోని కూసుంటే చెట్టు పండ్లెట్లిస్తది?” అంది. తర్వాత కొంగులోంచి గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. “పెట్టెల పెట్టుకో. శానా దినాలు వాసనొస్తయ్.”

బి.ఏ. మూడేళ్ళలో ఉపమాలంకారం గురించి ఇంత తేటగా నాకెవరూ చెప్పలేదు. మా మేష్టారు సైతం.

ఆ అమ్మాయి ఇప్పుడు మా కాలనీలో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతోంది. సాయంత్రమైతే వాళ్ళ వరండా నిండా చెప్పులే. మొదట్లో నిట్టూర్చిన ఆవిడ మనవడివీ అందులో ఒక జత. ఆవిడ ఇప్పుడు ఆ పిల్లని పువ్వు అనడం మానేసి ‘టీచరమ్మ’ అంటోంది. ఇందులో కథకి పనికొచ్చే మలుపేదీ లేదు. భర్త తిరిగి రాలేదు, రెండో పెళ్ళి కుదరలేదు, కాళ్ళమీద పడటానికి ఏ దుష్యంతుడూ రాలేదు. వర్గసమీకరణాలు మాత్రం రోజూ సాధించబడుతున్నాయి. అలాంటి మనిషి గురించి రాయాలంటే మన దగ్గర ఉపమానం లేదు. అదీ నా బాధ. రాలడానికి వంద మాటలున్న భాషలో, రాలాక కొమ్మ మీద మిగిలినదానికి ఒక్క మాటైనా వాడుకలో ఉండొద్దా?

రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి మన కోస్తా చెట్లన్నీ పరిశీలించాడు. ఇక్కడి చిత్రకారుల చేతనే బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన పుస్తకం మొదటి సంపుటం 1795లో వచ్చింది. అందులో పొగడ ఉంది. అలాంటి పుస్తకాల్లో పువ్వుని బొమ్మగా వేసి ఊరుకోరు. విడదీసి, ఏ భాగం ఎక్కడ అంటుకుని ఉందో, ఏది ఊడుతుందో, ఏది నిలుస్తుందో విడివిడిగా చూపిస్తారు. నవల రాసేవాళ్ళం వృక్షశాస్త్రం చదవాలని నేను అనను. కాని ఒక మనిషిని ‘రాలింది’ అని రాసే ముందు, ఏది ఊడింది, ఏది ఊడలేదు అని ఆ మాత్రం చూడొద్దా? భర్త ఊడితే మనిషి ఊడినట్టేనా? ఉద్యోగం పోతే, అందం పోతే, వయసు పోతే, మొత్తం చెట్టే పోయినట్టా?

విమర్శ రాయమంటే పొగడ గురించి రాసిందేమిటీవిడ, పొగడటానికేమోనని ఎడిటరుగారు అనుకోవచ్చు. పొగడచెట్టులో పువ్వొక్కటే లేదండీ, బెరడు కూడా ఉంది. ఆయుర్వేదం వాళ్ళు దాన్ని పొడిచేసి పళ్ళకి వాడమంటారు. నోరంతా వగరెక్కుతుంది, కాని చిగుళ్ళు గట్టిపడతాయట. మన సాహిత్యానికి పూలదండలు వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి, నా వంతుకి కాస్త బెరడు పొడి తెచ్చాను. నిజంగా కావాల్సింది వగరే.

చివరగా పాఠకులకి ఒక మనవి. ఈసారి ఏ కథలోనైనా, ఏ సీరియల్లోనైనా ‘ఆమె రాలిన పువ్వు’ అన్న వాక్యం కనిపిస్తే, మౌనంగా పేజీ తిప్పేయకండి. రాసినవారికి ఒక ఉత్తరం ముక్క రాయండి. ఎక్కువ అక్కరలేదు, “అమ్మా, ఏ పువ్వు?” అని రెండే మాటలు. జవాబు రాకపోతే ఆ కథ అక్కడితో అయిపోయిందని మీరే నిర్ణయించుకోవచ్చు. పొగడ అని జవాబు వస్తే మాత్రం, కథ ఇంకా ఉందన్నమాట. తర్వాతి సంచిక తప్పకుండా కొనుక్కోండి.